వెన్నుపంపకంలో ఒక చేట

కుసుమకందర రాజ్యానికి తూర్పు కొసన, రెండు నల్లగుట్టల మధ్య నుంచి వెండితాడులా జారి వచ్చే శంఖిణి ఏటి ఒడ్డున, మొగలిపూల వాసన కప్పుకుని పడుకునే ఊరు ఏటిమొగ. పొద్దు పొడిచేసరికి ఏటి మీది మంచు గులాబిరంగుకు తిరుగుతుంది. దాన్ని చీల్చుకుంటూ కొంగలు ఎగిరితే, తెల్లదారం పట్టి ఎవరో ఆకాశాన్ని కుడుతున్నట్టు ఉంటుంది. ఆ ఉదయమూ అలాగే ఉంది. మేనత్త పోయినా కొంగలు మానలేదని చెంగలువకు కోపం వచ్చింది.

ఊరంతా గడపల ముందు ముగ్గులున్నాయి. ఆ మేనత్త వకుళ ఇంటి ముందు లేదు. ముగ్గు ఉండాల్సిన చోట ఆమె సొత్తంతా పరిచారు. రాగి కాగు, తిరగలి, పట్టెమంచం, మూకుళ్ళు, రాట్నం, ఏటి మీద తిరిగే చిన్న దోనె. ఇంటికి గుర్తుగా తాళంచెవి, మొగలితోటకు గుర్తుగా ఒక మట్టిపెళ్ళ. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అవన్నీ అత్తే. ఎండలోకి వచ్చేసరికి వట్టి సామాను అయిపోయాయి.

వరస చివర, వేపగుంజకు పసుపుతాడుతో కట్టి, ఒక గుర్రం నిలబడి ఉంది. తేనెరంగు ఒళ్ళు, నుదుట నెలవంక లాంటి తెల్లమచ్చ, మెడ మీంచి అలలు అలలుగా జారే జూలు. రాజుగారి అశ్వశాలలో కూడా అంత అందమైన గుర్రం ఉండదు. కానీ దాని డొక్కలు ఎండిపోయాయి. అది మేత ముట్టడం మానేసింది. తల ఎత్తి కొండదారి వైపే చూస్తోంది.

ఆ గుర్రం చెంగలువ అన్న కేసరి.

అడవిలో బాటసారులకు దారి చూపడం కేసరి పని. నిరుడు ఒకనాడు అతను దారి తప్పిన మేకను వెతుకుతూ ధూళిధ్వజుడనే మాంత్రికుడు తన ప్రాణాన్ని దాచుకున్న గుహను చూశాడు. చూసినవాడు చెప్పకూడదు కదా. మాంత్రికుడు పిడికెడు దుమ్ము మంత్రించి మొహాన కొట్టాడు. ఇంటికి పరుగెత్తుకొచ్చేసరికి కేసరికి మాట పోయింది, గిట్టలు వచ్చాయి. వెనకే సుడిగాలిలా వచ్చిన ధూళిధ్వజుడి చెయ్యి పడేలోపల, వకుళ ఇలవేల్పు మెడలోని పసుపుతాడు తెచ్చి గుర్రం మెడకు వేసి గుంజకు కట్టేసింది. హక్కున్నవాళ్ళ చెయ్యి విప్పితే తప్ప ఏ మంత్రానికీ ఊడని తాడు అది.

ఆ తర్వాత శాపం విరిచే ఉపాయం కోసం వకుళ ఎక్కని కొండ లేదు. చివరిసారి వెళ్ళినప్పుడు ఒళ్ళంతా ముళ్ళు గీరుకుపోయి, మొహం మాత్రం దీపంలా వెలుగుతూ తిరిగి వచ్చింది.

"దొరికిందే కలువా!" అంది గుమ్మంలోనే కూలబడి.

"చెప్పత్తా, చెప్పు!"

"ఉండవే, ప్రాణం పోతోంది అలిసిపోయి. పొద్దున్నే చెప్తాలే. ముందు అన్నం పెట్టు."

తిన్నాక రోజూలాగే గుర్రం దగ్గరికి వెళ్ళి, గుప్పెడు గింజలు తినిపిస్తూ, దాని చెవిలో ఏవో కబుర్లు చెప్పుకుంది. తెల్లారి బియ్యం చెరుగుతూ, చేట చేతిలో ఉండగానే గోడకు జారబడింది. మరి లేవలేదు. ఉపాయమూ చెప్పలేదు. ఇల్లూ వాకిలీ ఎవరికన్నదీ చెప్పలేదు.

ముందు వాకిట్లోంచి తీసుకెళ్తే కేసరి చూస్తాడని, చెంగలువ ఏడ్చి పట్టుబట్టి అత్తను పెరటి దారిన పంపించింది. గుర్రం దగ్గరికి వచ్చి, "అత్త కొండకు వెళ్ళింది అన్నయ్యా, వచ్చేస్తుంది" అని చెప్పింది. ఆ రోజు నుంచీ ఆ మాటే చెప్తోంది. ఆ రోజు నుంచీ అతను కొండదారి వైపే చూస్తున్నాడు.

*

"ఏమ్మా, ఎండెక్కుతోంది. కానిద్దామా?" అన్నాడు తీర్పరి నాగదత్తుడు. రాజముద్ర ఉన్న బెత్తం చంకలో పెట్టుకుని, తలపాగా కొసతో మెడ తుడుచుకుంటున్నాడు. మంచివాడే. కానీ చట్టం పట్టుకుని వేలాడే మంచివాడు.

"అయ్యా, ఆ గుర్రం..."

"మళ్ళీ అదేనా తల్లీ? నాలుగు కాళ్ళున్నదీ, గుంజకు కట్టినదీ సొత్తే. అది నీ అన్న అని నేను రాజుగారితో ఏ మొహం పెట్టుకుని చెప్పను? సభంతా నవ్వుతుంది."

"నవ్వితే నవ్వనివ్వండయ్యా."

"వాళ్ళు నవ్వుతారు. నా తలపాగా ఊడుతుంది."

పట్టెమంచాన్ని అప్పటికే చేత్తో నొక్కి చూసుకుంటున్న పెదనాన్న రుద్రప్ప తల ఎత్తాడు. "అప్పుడే చెప్పాను వకుళకి, పిల్లకు ఆ కథలన్నీ నూరిపొయ్యకే అని. గుర్రం అన్నయ్యట! రేపు గేదె పెద్దమ్మ అవుతుంది."

"అదేదో మీ ఆవిడనే అడుగు రుద్రప్పా" అని కంచె అవతల నుంచి ఎవరో అన్నారు. వాకిలంతా నవ్వింది.

నవ్వని మనిషి ఒక్కడే. పేరు శరభయ్య. వకుళ మామగారి తమ్ముడి కొడుకునని చెప్పుకుంటూ నిన్న సాయంత్రం దిగాడు. బక్కపలచగా, చేతులు కట్టుకుని, అందరికీ దండాలు పెడుతూ తిరుగుతున్నాడు. తీర్పరి అడిగిన వంశంలో పేర్లన్నీ తడుముకోకుండా చెప్పాడు. మెట్టినింటి వాడు కాబట్టి అతనికీ హక్కుంది.

కుసుమకందరంలో మాట చెప్పకుండా పోయినవాళ్ళ సొత్తుకు వెన్నుపంపకం చేస్తారు. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు సామానుకు వెన్ను పెట్టి, గోడవైపు తిరిగి కూర్చోవాలి. తీర్పరి ఒక్కో వస్తువునూ బెత్తంతో తట్టి "ఇది ఎవరికి?" అంటాడు. చూడకుండా పేరు చెప్పాలి. అన్నమాట వెనక్కి రాదు. కూర్చున్నవాళ్ళు "నాకు" అని ఒక్కసారే అనవచ్చు. తల తిప్పినా, మాట ఆపేసినా సొత్తంతా రాజుగారి ఖజానాకు పోతుంది.

చెంగలువకు కావలసిందీ ఒక్కసారే.

ఆమె గుర్రం దగ్గరికి పరుగెత్తి దాని మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "అన్నయ్యా, విను. బెత్తం నీ మీద పడగానే నేలను గట్టిగా తన్ను. నాకు వినబడుతుంది. నేను 'నాకు' అంటాను. తాడు నా చేత్తోనే విప్పుతాను. సరేనా?"

గుర్రం ఆమె భుజం మీంచి కొండదారి చూస్తోంది.

"అత్త వచ్చేస్తుందిలే. నువ్వు తన్ను చాలు" అని వెళ్ళి గోడ ముందు కూర్చుంది.

సున్నం వేసిన గోడ. తడి ఆరకముందే ఆనుకోవడం వల్ల పడిన అత్త అరచేతి గుర్తు సరిగ్గా ఆమె కళ్ళ ముందే ఉంది. చెంగలువ దాన్ని చూడకుండా కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఠంగుమంది రాగి కాగు. "ఇది ఎవరికి?"

"పెదనాన్నకు."

"ఇది ఎవరికి?" రాయి మీద బెత్తం చప్పుడు.

"శరభయ్య గారికి."

ఎవరికైతేనేం! ఆమె చెవులు గిట్టల కోసం చూస్తున్నాయి. మంచం కిర్రుమంది. మూకుళ్ళు గలగలమన్నాయి. దోనె బోలుగా మోగింది. తాళంచెవి పెదనాన్నకు పోయింది, మట్టిపెళ్ళా ఆయనకే పోయింది. ఒక్కో పేరుకూ వెనక ఎవరో ఒకరు నిట్టూర్చడమో, సంబరపడడమో వినిపిస్తోంది.

అప్పుడు ఇంకో చప్పుడు వచ్చింది.

వెదురుబద్దల మీద బెత్తం చర్రున గీసుకుంది. చేటలో ఆ రోజు చెరగగా మిగిలిపోయిన గింజలు కదిలి జల్లుమన్నాయి.

చెంగలువ పుట్టినప్పుడు తల్లి పోయింది. పొత్తిగుడ్డలో చుట్టిన పసిగుడ్డును ఆ చేటలోనే పెట్టుకుని వకుళ ఈ ఇంటికి తెచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమెకు తెల్లవారడమంటే ఆ చప్పుడే. జల్లు, జల్లు, జల్లు. తర్వాత అత్త గొంతు, "లేవవే కలువా, పొద్దెక్కింది." ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో! ఒక్క క్షణం ఆమె గోడ ముందు లేదు. దుప్పట్లో ఉంది. అత్త పంచలో ఉంది. ఇంకేమీ జరగలేదు.

"ఇది ఎవరికి?"

"నాకు" అంది చెంగలువ నోరు.

రుద్రప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. "చేట! ఇల్లు పోయినా, తోట పోయినా, పిల్ల చేట కోరుకుంది! తీసుకో తల్లీ, నీ బిడ్డలూ బిడ్డల బిడ్డలూ చెరుక్కోవచ్చు!"

"తల్లీ..." తీర్పరి గొంతు తగ్గింది. "ఆలోచించే అన్నావా?"

ఏం చేసిందో చెంగలువకు అప్పుడే అర్థమైంది. అన్నమాట వెనక్కి రాదు.

వెంటనే నేల అదిరింది. కేసరి తన్నాడు. చెప్పినట్టే, బలమంతా పెట్టి తన్నాడు. ఆగకుండా తన్నుతూనే ఉన్నాడు.

"ఇది ఎవరికి?"

చెంగలువ గోడ మీది అరచెయ్యికి తన అరచెయ్యి ఆనించింది. పెదనాన్నకు ఇస్తే గానుగకు కడతాడు. కట్టనీ, ఊళ్ళోనే ఉంటాడు, రోజూ కంటికి కనబడతాడు. ఆ కొత్తవాడు ఏ దేశం తీసుకుపోతాడో!

"ఇది ఎవరికమ్మా? మాట ఆగకూడదు."

"పెదనాన్నకు" అంది, ఏడుపు మింగి.

*

ఆమె లేచి తిరిగేసరికి బేరం అయిపోయింది. "నాకెందుకయ్యా ఈ తిండిపోతు? మేత తినదు కూడా, ఎప్పుడు చస్తుందో!" అంటున్నాడు రుద్రప్ప. "అయితే నాకిచ్చెయ్యండి బావగారూ. నా వంతుకు వచ్చినవన్నీ మీరే తీసుకోండి" అంటున్నాడు శరభయ్య, చేతులు కట్టుకునే.

గాలి లేదు. ఆకు కదలడం లేదు. అయినా శరభయ్య పాదాల చుట్టూ సన్నటి దుమ్ము గిరగిరా తిరుగుతోంది.

"పెదనాన్నా, వద్దు! తాడు విప్పొద్దు! వాడు..."

హక్కున్న చెయ్యి ముడి లాగింది. పసుపుతాడు పువ్వు రాలినంత తేలికగా కింద పడింది.

బక్కమనిషి ఒళ్ళు ఎండిన మట్టిగోడలా పగిలింది. లోపల నుంచి తాటిచెట్టంత ఎత్తున, బూడిదరంగు జడలతో, నిప్పుకణికల్లాంటి కళ్ళతో ధూళిధ్వజుడు పైకి లేచాడు. పట్టెమంచం ఎగిరిపడింది. నాగదత్తుడి తలపాగా ఊడి గాల్లో తేలింది. "చట్టప్రకారమే తీసుకుంటున్నాను తీర్పరీ, రాసుకో!" అని నవ్వి మాంత్రికుడు గుర్రం మీదికి దూకాడు. కేసరి వెనక కాళ్ళ మీద లేచి, పడెయ్యాలని మెలికలు తిరిగాడు. మాంత్రికుడు మడమలతో డొక్కల్లో పొడిచాడు. తేనెరంగు మెరుపులా గుర్రం కంచె దాటి, ఒక్క దూకులో ఏరు దాటి, అవతలి ఎర్రదిబ్బల్లో మాయమైంది.

చెంగలువ చేట పట్టుకునే పరుగెత్తింది. ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియదు.

"దోనె! పెదనాన్నా, దోనె!"

రుద్రప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. "తీసుకో, తీసుకో! నాకు తెలీదే అమ్మా, నాకు తెలీదు..." అంటూ మోకాలి లోతు నీళ్ళల్లోకి దిగి తనే దోనె తోశాడు.

శంఖిణి నడిమధ్యలో కోర రాళ్ళున్నాయి. సుడి దోనెను పట్టి బొంగరంలా తిప్పింది. తెడ్డు విరిగింది. చెంగలువ విరిగిన ముక్కతోనే రాళ్ళను తోసుకుంటూ, అవతలి ఒడ్డు తగలగానే దూకింది. దోనె వెనకే ముక్కలైంది. ఆమె వెనక్కి చూడలేదు. ఎర్రదిబ్బ ఎక్కి ఆగిపోయింది.

కింద మైదానం నిండా గుర్రాలు. అన్నీ తేనెరంగువే. అన్నిటికీ నుదుట నెలవంకే. అన్నీ కొండదారి వైపే చూస్తున్నాయి. వాటి అవతల, పుట్ట మీద కాలు మీద కాలు వేసుకుని ధూళిధ్వజుడు కూర్చున్నాడు.

"ఏరుకో పిల్లా! నీ అన్నను ఏరుకుని తీసుకుపో. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా ఏరుకోలేకపోతే అన్నీ దుమ్మే, వాడితో సహా!"

"అన్నయ్యా!" అని అరిచింది. అన్ని తలలూ ఒకేసారి తిరిగాయి.

చెంగలువ ఇసుకలో కూలబడింది. ఒళ్ళోని చేటలో గింజలు జల్లుమన్నాయి. "భుజం కాదే పిచ్చిదానా, మణికట్టు తిప్పు" అని అత్త కసిరేది, నేర్పుతున్నప్పుడు. "గాలికి పక్కగా నిలబడు. ఎదురు నిలబడితే పొల్లంతా నీ కళ్ళల్లోనే."

ఆమె లేచింది. దిబ్బ దిగి, గుర్రాల గిట్టల కింది ఎర్రదుమ్మును దోసిళ్ళతో ఎత్తి, అత్త గింజల మీదే పోసుకుంది. ఏటిగాలికి పక్కగా నిలబడి, మణికట్టు తిప్పి చెరిగింది.

జల్లు.

చేటలోంచి ఎర్రదుమ్ము తెరలా లేచింది. దానితోపాటు ముందు వరసలోని గుర్రాలు మొదట జూలు, తర్వాత మెడ, తర్వాత ఒళ్ళంతా ఊకలా లేచి గాలిలో కలిసిపోయాయి.

మాంత్రికుడు లేచి నిలబడ్డాడు. "ఆపు!"

ఆమె ఆపలేదు. జల్లు, జల్లు, జల్లు. కన్నీళ్ళు చేటలో పడుతున్నాయి. మణికట్లు విరిగిపోతున్నాయి. వరస వెంట వరస గుర్రాలు పొల్లయి పోతున్నాయి. పరుగెత్తుకొచ్చి ఆమె జుట్టు పట్టబోయిన ధూళిధ్వజుడి చెయ్యి వేళ్ళ కొసల నుంచి రాలడం మొదలుపెట్టింది. అతనూ దుమ్మే కదా! భుజం పోయింది, జడలు పోయాయి. గాలిలో కలిసిపోతూ గొంతు ఒక్కటే అరిచింది. "నా ప్రాణం గుహలో ఉంది పిల్లా! చీకటి పడేలోపల మళ్ళీ కూడుకుంటాను. మీ ఇద్దరినీ ఒకే పిడికిట్లో పడతాను!"

సుడిగాలి నల్లగుట్టల వైపు పోయింది. మైదానంలో ఒక్క గుర్రం మిగిలింది. చేటలో అత్త చెరిగిన గింజలు మిగిలాయి.

కేసరి తూలుకుంటూ నడిచి వచ్చాడు. చేటలో మూతి పెట్టి గట్టిగా వాసన పీల్చాడు. ఒళ్ళు జలదరించింది. చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. సంతోషంగా సకిలించి, చెంగలువను దాటి ఆమె వెనక్కి చూశాడు. ఏటి వైపు చూశాడు. చేట వచ్చిందంటే ఆ చేట మనిషి కూడా వచ్చినట్టే అతని లెక్క.

ఎవరూ రాలేదు. అయినా చెవులు దించలేదు. అలాగే నిలబడ్డాడు.

"అన్నయ్యా." ఆమె అతని మెడ చుట్టూ చేతులు వేసింది. "నేను అబద్ధం చెప్పాను. అత్త కొండకు వెళ్ళలేదు." చేటను అతని మూతి దగ్గరికి జరిపింది. "ఇదే చేట చేతిలో ఉంది. గోడకు ఆనుకుంది. నేను నిద్రపోతోందనుకున్నాను అన్నయ్యా. దుప్పటి కూడా కప్పాను. పెరటి దారిన తీసుకెళ్ళారు... నువ్వు చూస్తావని నేనే అన్నాను. నిన్ను చూడనివ్వలేదు. అత్త లేదు. మనకు ఇంక అత్త లేదు."

నిక్కబొడుచుకున్న చెవులు మెల్లగా వాలిపోయాయి.

గుర్రం గొంతులోంచి గుర్రానిది కాని చప్పుడు ఒకటి వచ్చింది. ముందరి కాళ్ళు మడతపడ్డాయి. నుదుటి నెలవంకను చేట అంచుకు ఆనించి అతను కదలకుండా ఉండిపోయాడు. పెద్ద పెద్ద కన్నీటి బొట్లు వెదురుబద్దల మీద పడి కిందికి జారాయి. చెంగలువ పక్కనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అత్త పోయిన తర్వాత ఆమె పక్కన మరొకరు ఏడవడం అదే మొదలు.

కాసేపటికి గింజలన్నీ అరచేతిలోకి దులిపి పట్టింది. "తిను. అత్త చెరిగినవి. ఇవే ఆఖరు."

అతను ఒక్కో గింజా పెదవులతో ఏరుకుని తిన్నాడు. తిని, లేచాడు. పళ్ళతో ఆమె ఓణీ కొస పట్టి లాగాడు. ఊరి వైపు కాదు. గుట్టలను చుట్టి వెళ్ళే ముళ్ళదారి వైపు. అత్త ఒళ్ళంతా గీరుకుపోయి తిరిగి వచ్చిన దారి వైపు.

"అటెందుకు అన్నయ్యా? ఆ దారి నీకెలా..."

ఆ సాయంత్రం కళ్ళకు కట్టింది. గుంజ దగ్గర గుర్రం. దాని చెవి దగ్గర అత్త మొహం. చీకటి పడేదాకా కదులుతూనే ఉన్న అత్త పెదవులు.

"నీకు చెప్పిందా?" అంది చెంగలువ. "అత్త అంతా నీకు చెప్పేసిందా?"

కేసరి నోరు తెరిచాడు. మెడలో నరాలు తాళ్ళలా పొంగాయి. కళ్ళల్లో మనిషి కనిపించాడు. మాట మాత్రం రాలేదు. తల వంచి, ఆమె ఎక్కడానికి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

నల్లగుట్టల మీద, ఎండ పట్టపగలు మాడుతుండగానే, దుమ్ము మళ్ళీ మేఘంలా పోగవుతోంది.

చెంగలువ వట్టి చేటను ఓణీతో వీపుకు కట్టుకుని అన్న మీద ఎక్కింది. కళ్ళెం లేదు, తాడు లేదు. రెండు చేతులా జూలు పట్టుకుని, ఆ జూలులోనే మొహం దాచుకుంది. ముళ్ళదారి మొదట్లో ఒక తుమ్మకొమ్మకు చిరిగిన నీలం నూలుపోగు వేలాడుతోంది. అది అత్త చీర అంచుది.

"పద అన్నయ్యా" అంది.